సబ్మిట్ నొక్కితే రైతు ఇంటి కెమెరా పేజీ వస్తోంది, ఎందుకు?

నెల్లూరు జిల్లా అల్లూరు వైపు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆయనకు 24 ఏళ్లు. డిగ్రీలో కంప్యూటర్స్ చదివి, మేనమామ నడిపే రొయ్యల మేత, మందుల షాపులో లెక్కలు చూస్తున్నారు. తెల్లారితే చాలు, "వంద కౌంటు ఎంత పలుకుతోంది, యాభై కౌంటు ఎంత" అని రైతుల ఫోన్లు. (కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క.) ఆ హడావుడిలోనే మేత బస్తాలు, మినరల్స్ ఆర్డర్లు. ఒకరి సరుకు ఇంకొకరి గుంట దగ్గరకు వెళ్లిపోవడం, ఆ తర్వాత గొడవలు. ఇదంతా చూసి ఆయన సొంతంగా ఒక వెబ్‌సైట్ తయారుచేశారు. పైన ఆ రోజు కౌంటు ధరలు, కింద ఆర్డర్ ఫారం. షాపులో బిల్లింగ్ చేసే కంప్యూటర్‌లోనే జాంప్ (మామూలు కంప్యూటర్‌ను వెబ్ సర్వర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) వేసి, నెలనెలా కట్టే పద్ధతిలో స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) తీసుకుని, ఒక డొమైన్ పేరు కొని, రౌటర్‌లో వెబ్ పేజీలు వచ్చిపోయే 80వ పోర్టును ఆ కంప్యూటర్‌కు మళ్లించారు.

కౌంటర్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. షాపు వైఫైలో ఉన్న ఫోన్‌లోనూ పనిచేసింది. మామ సంతోషపడి, సైటు పేరుతో కార్డులు అచ్చు వేయించి రైతులకు పంచారు. అక్కడ మొదలైంది తలనొప్పి. బయటివాళ్లకు పేజీ తెరుచుకుంటుంది, ధరలు కనిపిస్తాయి. బొమ్మలు మాత్రం రావు, నెట్ స్లో అనుకున్నారట. ఫారం నింపి సబ్మిట్ నొక్కితే చక్రం తిరిగి తిరిగి, సైట్ అందడం లేదని వస్తుంది. ఇసకపల్లి వైపు రైతు ఒకరికైతే మరీ విచిత్రం. సబ్మిట్ నొక్కగానే ఆయన సొంత ఇంటి సీసీ కెమెరాల లాగిన్ పేజీ తెరుచుకుంది. ఆయన స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికల్లా "ఆ షాపు సైటు నొక్కితే మన ఇళ్లల్లో కెమెరాలు వాళ్లకు కనపడతాయంట" అని చుట్టుపక్కల ఊళ్లన్నీ పాకిపోయింది.

స్నేహితులు తలా ఒక మాట చెప్పారు. కంప్యూటర్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ తీసేయమన్నారు, తీసేశారు. రౌటర్‌లో డీఎంజెడ్ (బయటి నుంచి వచ్చేదంతా ఒక కంప్యూటర్‌కే పంపే సెట్టింగు) పెట్టమన్నారు, పెట్టారు. అపాచీ (జాంప్‌లో పేజీలు అందించే ప్రోగ్రాం) సెట్టింగుల్లో 'రిక్వైర్ లోకల్' (ఈ కంప్యూటర్‌కే అనుమతి) అని ఉన్న చోటల్లా 'రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్' (అందరికీ అనుమతి) అని మార్చమన్నారు, అదీ చేశారు. ఫలితం సున్నా. ఈలోగా ఇంకో రైతు, అమావాస్యకు ముందు మినరల్స్ సైట్‌లో బుక్ చేశాననీ, సరుకు రాలేదనీ షాపుకొచ్చి నిలదీశారు. డేటాబేస్‌లో ఆ ఆర్డరే లేదు. "ఆయన అబద్ధం చెప్తున్నాడ్రా" అని మామ. "నీకు చేతకాకపోతే చెప్పు, నెల్లూరులో కంపెనీ వాళ్లకు ఇచ్చేద్దాం, ఏడాదికి 35 వేలంట. రైతుల ఖాతా బాకీలు కూడా దాంట్లోనే పెట్టిద్దాం" అని కూడా. ఇంట్లో అమ్మ, "మా తమ్ముడి దగ్గర నా మాట పోగొట్టొద్దు" అంటున్నారు. "తప్పు నా స్క్రిప్టులో ఉందో, నెట్‌లో ఉందో, నిజంగానే ఎవరైనా హ్యాక్ చేశారో తెలియడం లేదు. పని మానేద్దామనిపిస్తోంది" అని ముగించారు.

సమాధానం

జవాబు మొత్తం చదివాక చూద్దాంలే అనుకోకండి. ముందు షాపుకెళ్లి మీ స్నేహితులు చేయించిన మూడు మార్పులూ వెనక్కి తిప్పండి. డీఎంజెడ్ తీసేయండి, ఫైర్‌వాల్ ఆన్ చేయండి, ఆ 'ఆల్ గ్రాంటెడ్' వరసలను మళ్లీ 'లోకల్' చేయండి. దీంతో సైటు ఆగిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు. 80వ పోర్టు మళ్లింపు అలాగే ఉంటుంది. మీ సైటు ఉండే హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌ను జాంప్ మొదటి నుంచీ అందరికీ తెరిచే ఉంచుతుంది. ఫైర్‌వాల్ ఆన్ చేశాక పేజీ బయటికి రాకపోతే, అనుమతించిన ప్రోగ్రాముల జాబితాలో అపాచీ ఒక్కదానికి టిక్ పెట్టండి. అంతకు మించి ఏదీ తెరవాల్సిన పని లేదు.

ఇంత తొందర ఎందుకంటే, డీఎంజెడ్ పెడితే బయటి నుంచి ఏ పోర్టు తట్టినా రౌటర్ దాన్ని తెచ్చి మీ కంప్యూటర్ ముందు పెడుతుంది. ఫైర్‌వాల్ లేకపోతే అడ్డుకునేవాళ్లే లేరు. పైగా అది బిల్లింగ్ కంప్యూటర్. ఇక 'రిక్వైర్ లోకల్' అనే వరస జాంప్‌లో ప్రధానంగా కాపలా కాసేది పీహెచ్‌పీ మైఅడ్మిన్‌కు, అంటే డేటాబేస్‌ను బ్రౌజర్‌లోంచే నడిపే పేజీకి. జాంప్‌ను వేసింది వేసినట్టు వాడితే డేటాబేస్ మీద అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌కు పాస్‌వర్డే ఉండదు. అంటే మీ డొమైన్ పేరు పక్కన పీహెచ్‌పీ మైఅడ్మిన్ అని టైపు చేసిన ఎవరికైనా, పాస్‌వర్డ్ అడక్కుండానే మీ డేటాబేస్ మొత్తం తెరుచుకుంటోంది. చదవొచ్చు, చెరిపేయొచ్చు. అలాంటి అడ్రసుల కోసం ఇంటర్నెట్ అంతా రాత్రింబవళ్లు గాలించే బాట్లు, అంటే వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు, ఉంటాయి. ఏ పేజీని ఎవరు అడిగారో అపాచీ రాసిపెట్టే యాక్సెస్ లాగ్ తీస్తే, ఎవరివో తెలియని ఐపీల నుంచి ఆ అడ్రసును అడిగిన వరసలు మీకే కనిపిస్తాయి.

ఆ వరసల్లో 403 (అనుమతి లేదు) అనో 404 (ఆ పేజీ లేదు) అనో ఉంటే ఊపిరి పీల్చుకోండి. 200 (అడిగింది ఇచ్చేశాం) అని ఉంటే మాత్రం ఎవరో లోపలికి తొంగి చూసినట్టే లెక్క. అప్పుడు డేటాబేస్‌లో మీకు తెలియని టేబుళ్లు ఏమైనా చేరాయేమో, ఫోల్డర్‌లో మీరు రాయని ఫైళ్లు ఉన్నాయేమో చూడండి. బిల్లింగ్ డేటాను బయట ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీసుకోండి. ఆ కంప్యూటర్‌లో టైపు చేసే బ్యాంకు, జీఎస్టీ, మెయిల్ పాస్‌వర్డ్‌లన్నీ వేరే మెషీన్ నుంచి మార్చండి. 200 ఉన్నా లేకపోయినా రూట్ యూజర్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. ఊరంతా భయపడుతున్న కెమెరా సంగతిలో హ్యాకింగ్ ఏమీ లేదు. ఎవరికీ కనిపించని ఈ మూడు మార్పులే నన్ను భయపెట్టాయి.

ఇప్పుడు కెమెరా దగ్గరికి వద్దాం. మీరు పంపిన ఆ స్క్రీన్‌షాట్‌ను అందరూ చూశారు. అందరి కళ్లూ మధ్యలో ఉన్న లాగిన్ పెట్టె మీదే పడ్డాయి. పైన అడ్రస్ బార్ చూడండి. సగమే కనిపిస్తోంది గానీ, ఆ సగం చాలు: 192.168.1.10. అది మీ షాపు కంప్యూటర్ లోపలి అడ్రసు. ఆ రైతు ఇంట్లో కెమెరాల రికార్డరు లోపలి అడ్రసు కూడా అదే.

192.168 తో మొదలయ్యే అడ్రసులు ఎవరి సొంతమూ కావు. ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికి మూడు రకాల అంకెలను 1996లోనే పక్కన పెట్టేశారు. 10 తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకూ, 192.168 తో మొదలయ్యేవి. ఎవరింట్లో వాళ్లు వాడుకోవచ్చు. ఇవి ఇంటర్నెట్ రోడ్డెక్కవు. ప్రతి ఊళ్లోనూ రామాలయం వీధి, మూడో ఇల్లు ఉంటుంది కదా. ఊరి పేరు రాయకుండా కవరు మీద "రామాలయం వీధి, మూడో ఇల్లు" అని మాత్రమే రాస్తే, అది ఏ ఊళ్లో డబ్బాలో పడితే ఆ ఊరి మూడో ఇంటికే వెళ్తుంది. మీ ఆర్డర్ ఫారం చేస్తున్నది అదే.

మీరు ఫారంలో, నింపిన వివరాలను ఎక్కడికి పంపాలో చెప్పే చోట, షాపు కంప్యూటర్ లోపలి అడ్రసు రాసేశారు. షాపు వైఫైలో ఉన్న ఫోన్‌కు ఆ అడ్రసు నిజంగానే మీ కంప్యూటర్. అందుకే అక్కడ పనిచేసింది. మొబైల్ డేటాలో ఉన్న రైతుకు ఆ అడ్రసులో ఎవరూ లేరు. ఫోన్ వెతికి వెతికి, సైట్ అందడం లేదని చేతులెత్తేసింది. ఇసకపల్లి రైతు ఇంటి వైఫైలో ఉన్నారు, అక్కడ ఆ అంకె మీద రికార్డరు కూర్చుని ఉంది. ఆయన ఫోన్ ఆయనింటి రికార్డరును పలకరించింది, అది మర్యాదగా లాగిన్ పేజీ చూపించింది. ఆ కొద్ది సెకన్లలో మీ షాపుకు ఒక్క అక్షరం కూడా రాలేదు. బొమ్మలు రాకపోవడానికీ ఇదే కారణమై ఉంటుంది. వాటి లింకుల్లోనూ అదే అడ్రసు ఉండాలి. నెట్ స్లో అయితే బొమ్మ సగమైనా వస్తుంది, లేదా కాసేపటికి వస్తుంది. అందరికీ, ఎప్పుడూ రాలేదంటే అది స్పీడు సమస్య కాదు.

నా మాట మీద నమ్మకం పెట్టుకోకండి, మీ లాగ్‌నే అడగండి. సీ డ్రైవ్‌లో జాంప్ ఫోల్డర్, అందులో అపాచీ, అందులో లాగ్స్. అక్కడ యాక్సెస్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. ప్రతి వరసలో మొదట అడిగినవాళ్ల ఐపీ, తర్వాత సమయం, తర్వాత గెట్ లేదా పోస్ట్, ఏ ఫైలు, దాని తర్వాత మూడంకెల కోడ్. పేజీ చూడటం గెట్, ఫారం పంపడం పోస్ట్. బయటి ఐపీల నుంచి గెట్ వరసలు బోలెడు ఉంటాయి. మీ ఆర్డర్ స్క్రిప్టును అడిగిన పోస్ట్ వరసలు మాత్రం 192.168 తోనో, 127.0.0.1 తోనో, ::1 తోనో మొదలయ్యేవే ఉంటాయి (చివరి రెండూ ఆ కంప్యూటర్ తనను తానే పిలుచుకునే అడ్రసులు). ఆ స్క్రిప్టుకు బయటి నుంచి ఒక్క పోస్ట్ కూడా లేకపోతే రుజువు దొరికినట్టే. మీ ఆర్డర్ స్క్రిప్టు బయటివాళ్లకు ఫెయిల్ కాలేదు, దాన్ని బయటివాళ్లు ఇంతవరకూ చేరనే లేదు.

ఫైర్‌వాల్, పోర్టు, ఇంటర్నెట్ కంపెనీ అడ్డుపడటం, ఒకే పబ్లిక్ ఐపీని వందల ఇళ్లకు పంచే సీజీనాట్, ఇవన్నీ నిజమైన సమస్యలే. కానీ వాటిలో ఏదున్నా అసలు మీ ధరల పేజీయే బయట తెరుచుకోదు. పేజీ తెరుచుకుంటోందని మీరే రాశారు. దారి బాగుందని దానర్థం. బయట పనిచేయడం లేదనగానే అందరూ రౌటర్ మీద పడతారు, అదేం అలవాటో. ఒకేసారి మూడు సెట్టింగులు మార్చడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. రేపు బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు, పాడైతే దేనివల్ల పాడైందో తెలియదు.

సరిచేయడం చిన్న పని. ఫారంలో అడ్రసు ముందు భాగమంతా కొట్టేసి, స్క్రిప్టు ఫైలు పేరు ఒక్కటే ఉంచండి. అప్పుడు బ్రౌజర్ పేజీని ఏ పేరుతో తెరిచిందో ఆ పేరుకే ఫారం పంపుతుంది. షాపులో తెరిస్తే షాపుకు, బయట డొమైన్‌తో తెరిస్తే డొమైన్‌కు. ముందు భాగంలో డొమైన్ పేరు పెట్టమని కొందరు చెబుతారు. అదీ పనిచేస్తుంది గానీ, రేపు హెచ్‌టీటీపీఎస్ (మధ్యలో ఎవరూ చదవలేని భద్రమైన కనెక్షన్) వేసినప్పుడో, పేరు మార్చినప్పుడో మళ్లీ అన్ని ఫైళ్లూ వెతుక్కోవాలి.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఫైండ్ ఇన్ ఫైల్స్ తెరిచి, ఫోల్డర్ మొత్తం మీద 192.168 కోసం ఒకసారి, లోకల్‌హోస్ట్ ('ఈ మెషీనే' అని చెప్పే పేరు) కోసం ఒకసారి వెతకండి. దొరికిన ప్రతిచోటా కళ్లు మూసుకుని మార్చేయకండి. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. పీహెచ్‌పీ స్క్రిప్టు డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే వరసలో లోకల్‌హోస్ట్ అని ఉంటే అది సరైనదే. ఆ వరసను చదివేది మీ షాపు కంప్యూటర్, డేటాబేస్ ఉన్నదీ ఆ కంప్యూటర్‌లోనే. ఫారం, బొమ్మల లింకులు, జావాస్క్రిప్టు మాత్రం రైతు ఫోన్‌లో నడుస్తాయి. అక్కడ లోకల్‌హోస్ట్ అంటే రైతు ఫోనే. కాబట్టి ప్రతి వరస దగ్గరా ఆగి, దీన్ని చదివేది నా కంప్యూటరా, ఎదుటివాళ్ల ఫోనా అని చూసుకుని అప్పుడు మార్చండి.

ఇంకొక చోట ప్రత్యేకంగా చూడండి. ఆర్డర్ సేవ్ అయ్యాక "ధన్యవాదాలు" పేజీకి మళ్లించే వరస ఆర్డర్ స్క్రిప్టు చివర్లో ఉంటుంది. ఫారం ఒక్కటీ సరిచేసి ఈ వరసను వదిలేస్తే ఆర్డర్ మీకు చేరుతుంది, రైతుకు మాత్రం సైట్ అందడం లేదనే వస్తుంది. ఆయన మళ్లీ నొక్కుతారు, మళ్లీ నొక్కుతారు. మీరు ఒకే గుంటకు మూడు లోడ్ల మేత పంపుతారు.

సరిచేశాక షాపు వైఫైలో టెస్ట్ చేసి సంబరపడకండి. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద, ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడండి. ఆ తర్వాత వేరే ఊళ్లో ఒకరి ఇంటి వైఫై మీద. షాపులో ఏ పేరుతో తెరుస్తున్నారో మీరు రాయలేదు. కొన్ని రౌటర్లు లోపలి నుంచి సొంత డొమైన్‌ను తెరవనివ్వవు. బయట బాగుండి షాపులోనే డొమైన్ పేరు పనిచేయకపోతే అది రౌటర్ స్వభావం, కొత్త జబ్బు కాదు. రౌటర్‌లోనే ఆ కంప్యూటర్‌కు 192.168.1.10 ఖాయంగా ఇచ్చేలా రిజర్వ్ చేయండి. లేదంటే ఏదో ఒక రోజు కరెంటు పోయి వచ్చాక దానికి వేరే అంకె వస్తుంది, పోర్టు మళ్లింపు గాల్లో కలుస్తుంది.

ఇంత చేశాక కూడా బయటి పోస్ట్ వరసలో 403 వస్తే అనుమతి సమస్య, 404 వస్తే పేరు తప్పు, 500 వస్తే స్క్రిప్టు లోపల విరిగింది. 500కి కారణం పక్కనే ఉన్న ఎర్రర్ లాగ్‌లో వరస నంబరుతో సహా ఉంటుంది.

ఇక మనుషుల సంగతి. అమావాస్యకు ముందు బుక్ చేశానన్న రైతు అబద్ధం చెప్పలేదు. ఫారం నింపారు, నొక్కారు, అది ఎక్కడికీ రాలేదు. డేటాబేస్‌లో ఆర్డర్ లేదంటే ఆయన నింపలేదని కాదు. చక్రం తిరుగుతుండగానే ఫోన్ జేబులో పెట్టేసుకుని ఉంటారు, పని అయిపోయిందనుకుని. అమావాస్య దగ్గర్లో, కుబుసం విడిచే రోజుల్లో రొయ్యకు మినరల్స్ ఎంత అవసరమో మీకు నేను చెప్పాలా? ఆయన వేరే షాపులో కొనుక్కుని ఉంటే గుంట బాగానే ఉంటుంది, మీ షాపు మీద నమ్మకమే పోయి ఉంటుంది. ఆ ఆర్డర్లను ఇప్పుడు తిరిగి రాబట్టే దారి లేదు, వాటి జాడ మీ కంప్యూటర్‌లో ఎక్కడా ఉండదు. కార్డులు ఇచ్చిన రైతుల జాబితా ముందేసుకుని ఫోన్లు చేయడమొక్కటే మార్గం. "సైట్‌లో ఏమైనా పెట్టారా అన్నా, మాకు అందలేదు" అని అడగండి. విసుగు పని, రెండు పూటలు పడుతుంది.

ఈ విషయం మామయ్యకు ఎలా చెప్పాలి? చెప్పకుండా గుట్టుగా సరిచేసేయొచ్చు. సైటు బాగవుతుంది, మీ పరువూ నిలుస్తుంది. కానీ ఆ రైతు అబద్ధాలకోరన్న మాట అలాగే ఉండిపోతుంది. తనను అలా అన్నారని ఆ రైతు ఇంకో నలుగురితో చెబుతారు, మామయ్య వాళ్ల ముందు గట్టిగా వాదిస్తారు. రెండో దారి, ఇంటర్నెట్ కంపెనీ మీదకు నెట్టేయడం. మామయ్య సులువుగా నమ్ముతారు, వెంటనే వాళ్లకు ఫోన్ చేసి పోట్లాడతారు కూడా. వాళ్ల టెక్నీషియన్ వచ్చి లైన్ బాగానే ఉందని చూపిస్తే మీరు ఇరుక్కుంటారు. మూడోది, లాగ్ తెరిచి పక్కన కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. మొదటి అరగంట మాటలు పడాలి. నేనైతే ఇదే చేస్తాను. ఎందుకంటే ఇందులో ఆయనకు నచ్చే మాట ఒకటుంది: ఒక గట్టి ఖాతాదారుడి మీద పడిన అపవాదు పోతుంది. ఆయన వ్యాపారం మనుషుల మీద నడిచేది, ఆ లెక్క ఆయనకు మనకంటే బాగా తెలుసు. అమ్మకు కూడా మీరే చెప్పండి, తమ్ముడి నోట వినేలోగా.

కెమెరా పుకారును వాట్సాప్‌లో వివరణ పెట్టి ఆపలేరు. పెద్ద మెసేజ్ ఎవరూ చదవరు, చదివినా "హ్యాక్" అనే మాట ఒక్కటే గుర్తుంటుంది. ఇసకపల్లి రైతు ఇంటికి వెళ్లండి, వీలైతే మామయ్యతో కలిసి. ఆయన ఫోన్ ఆయన చేతిలోనే ఉంచి, మీ సైటు తెరవకుండా, అడ్రస్ బార్‌లో 192.168.1.10 అని కొట్టమనండి. అదే కెమెరా పేజీ వస్తుంది. తర్వాత వైఫై ఆపి మళ్లీ కొట్టమనండి. రాదు. మీ షాపు ప్రమేయం లేకుండానే అది వస్తోందని ఆయన కళ్లతో చూస్తే, గ్రూపులో ఆయనే రాస్తారు. స్క్రీన్‌షాట్ పెట్టిన మనిషి రాసిన మాటకు ఉండే విలువ మీ మాటకు ఉండదు. ఆ రికార్డరుకు కొన్నప్పటి పాస్‌వర్డే ఉందేమో కూడా అడగండి. ఉంటే దగ్గరుండి మార్పించి రండి, ఆయన వైఫై వాడే ఎవరైనా ఆ పేజీ దాకా రాగలరు కదా. పాస్‌వర్డ్ మాత్రం ఆయన్నే కొట్టమనండి, మీరు అటు తిరిగి నిలబడండి.

ఇక సైటును ఎక్కడ పెట్టాలన్నది. షాపులోనే ఉంచితే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు, అన్నీ మీ చేతిలో ఉంటాయి. కానీ రాత్రి షట్టర్ దించి కంప్యూటర్ ఆపేస్తే సైటూ ఆగిపోతుంది. రైతు తీరిగ్గా ఫోన్ చూసుకునేది ఆ వేళలోనే. విండోస్ అప్‌డేట్ మధ్యాహ్నం రీస్టార్ట్ చేసినా అంతే. బిల్లింగ్, సైటు ఒకే మెషీన్‌లో ఉండటం నాకు అసలు నచ్చలేదు. జాంప్ తయారుచేసినవాళ్లే అది నేర్చుకోవడానికి, రాసి చూసుకోవడానికేననీ, బయటి జనానికి తెరిచే సర్వర్‌గా వాడొద్దనీ చెబుతారు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ (మీ కంప్యూటరే లోపలి నుంచి క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్లకు దారి వేసుకునే పద్ధతి) లాంటిది పెడితే రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు, స్టాటిక్ ఐపీ డబ్బులు మిగులుతాయి, హెచ్‌టీటీపీఎస్ వస్తుంది. కంప్యూటర్ మాత్రం ఆన్‌లోనే ఉండాలి.

షేర్డ్ హోస్టింగ్ (హోస్టింగ్ కంపెనీ సర్వర్‌లో కొంత చోటు అద్దెకు తీసుకోవడం) మీకు సరిపోతుందని నా అభిప్రాయం. నెలకు కొన్ని వందల రూపాయలు, కరెంటుతో సంబంధం లేదు, బిల్లింగ్ కంప్యూటర్ జోలికి ఎవరూ రారు. చాలాచోట్ల హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వేసి, గడువు దగ్గరపడగానే దానంతట అదే కొత్తది వచ్చేలా పెడతారు. మార్చేటప్పుడు ఒక తలనొప్పి ఉంటుంది. అక్కడ సర్వర్లు ఎక్కువగా లైనక్స్‌వి. ఇంగ్లిష్ పెద్ద అక్షరంతో ఉన్న ఫైలు పేరును లింకులో చిన్న అక్షరంతో రాసినా విండోస్ సర్దుకుపోతుంది, లైనక్స్ ఊరుకోదు, 404 అంటుంది. డేటాబేస్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా అక్కడిచ్చినవే వాడాలి.

నెల్లూరు కంపెనీకి ఇవ్వడం తప్పేమీ కాదు. మీ నెత్తి మీద భారం తగ్గుతుంది. కానీ అడ్రసు తప్పుగా పడిన వరసలు మార్చడానికి ఏడాదికి 35 వేలు ఎక్కువ. ఇస్తే మాత్రం మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి. డొమైన్ షాపు పేరు మీదే ఉండాలి. డేటా కాపీ ఎప్పుడడిగితే అప్పుడు ఇవ్వాలి. రోజూ పొద్దున కౌంటు ధరలు మార్చే పని ఎవరిది? ఈ మూడోది అడగకపోతే, డబ్బులు వాళ్లకు, పని మీకు.

ఎక్కడ పెట్టినా, ఆర్డర్ డేటాబేస్‌లో పడ్డాకే "మీ ఆర్డర్ అందింది, నంబరు ఇంత" అని చూపించండి. కార్డు మీదా, ఫారం పైనా "నంబరు రాకపోతే ఆర్డర్ అందనట్టే, ఫోన్ చేయండి" అని పెద్ద అక్షరాలతో రాయండి. రైతు టైపు చేసిన మాటలను నేరుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) వాక్యంలో అతికించి ఉంటే, ఆ వాక్యాలను ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లుగా మార్చండి; అప్పుడు ఎవరేం టైపు చేసినా అది ఆదేశంగా చెల్లదు.

ఖాతా బాకీలు ఆన్‌లైన్‌లో పెట్టే ఆలోచనను మాత్రం ఈ ఏడాదికి ఆపించండి. ఎవరు ఎంత బాకీ ఉన్నారన్నది పక్క గుంటవాళ్లకు తెలిస్తే ఊళ్లో ఏమవుతుందో మామయ్యకు వివరించనక్కర్లేదు. ఫోన్ నంబర్లు, బాకీలు లాంటి వ్యక్తిగత సమాచారాన్ని భద్రంగా ఉంచాల్సిన బాధ్యతను సేకరించినవాళ్ల మీదే పెడుతూ 2023లో చట్టం కూడా వచ్చింది. లాగిన్లు, పాస్‌వర్డ్‌లు, ఎవరి ఖాతా వాళ్లకే కనిపించడం, ఇవి రాయడం మీరు ఇప్పుడు రాసినదానికంటే చాలా పెద్ద పని.

పని మానేయాలా అన్నదానికి జవాబు ఈ వారం తేల్చుకోకండి. ఒక పంట కాలం సైటు నడిపి చూడండి. అప్పటికీ మామయ్య ప్రతి చిన్నదానికీ కంపెనీ పేరు ఎత్తుతుంటే, అది సైటు సమస్య కాదు, మీ ఇద్దరి మధ్య లెక్క. జీతం ఎంత, పని ఎంత అని కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. అప్పుడు వేరే ఉద్యోగం చూసుకోవాలనిపిస్తే చూసుకోండి. మొబైల్ డేటా మీద టెస్ట్ చేశాక కూడా సబ్మిట్ ఆగిపోతుంటే మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరంతో పాటు అడ్రస్ బార్ పూర్తిగా కనిపించే స్క్రీన్‌షాట్, అదే నిమిషానికి యాక్సెస్ లాగ్‌లో పడిన వరసలు పంపండి. పోస్ట్ వరస లేకపోతే అదీ రాయండి.